అమ్మ పట్టిన గొడుగు

ఆమధ్య మా ఇంట్లో ఒక కొత్త ప్రాణి చేరింది. తిండి అడగదు, విప్పిన బట్టలు మూల పడెయ్యదు, ఎదురు చెప్పదు. "ఇంత బుద్ధిమంతులు మన వంశంలో ఎవరున్నారూ!" అని మావారు ఆశ్చర్యపోయారు కూడాను.

అది మా అమ్మాయి చేసిన మరబొమ్మ. రెండు పసుపుపచ్చ మోటార్లు, వాటికి చక్రాలు, ఒక సెల్లుల డబ్బా, వీటన్నిటికీ మెదడులాగా అరచేతిలో ఇమిడే నీలం బోర్డు. అంతా కలిపి పన్నెండు వందలైంది. నేలమీద నల్ల టేపు అతికిస్తే చాలు, ఆ గీత వెంబడే నడుస్తుంది.

ఆ బోర్డు పేరు ఆర్డుయినో. 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్లో పుట్టింది. ఎలక్ట్రానిక్స్ చదవని డిజైన్ విద్యార్థులు కూడా తమంతట తాము ఏదో ఒకటి చేసుకోగలగాలని అక్కడి గురువులు దాన్ని తయారుచేశారు. వాళ్లు వెళ్లి కూర్చునే ఒక బార్ పేరే దానికి పెట్టారు. ఆ బార్ పేరేమో వెయ్యేళ్ల కిందటి రాజుగారిది! నమూనా చూసి ఎవరైనా చేసుకోవచ్చని బాహాటంగా ఇచ్చేశారు గనక, దాని నకళ్లు మనకి మూడు నాలుగు వందలకే దొరుకుతున్నాయి. మనం రాసే ఆదేశాలకి అందులో ఉన్న చోటు 32 కిలోబైట్లు. నా నవలలో ఒక్క అధ్యాయం కూడా పట్టదు. "చూశావా అమ్మా, తక్కువ మాటల్తో ఎంత పని చేయించొచ్చో!" అని చురక వేసింది మా అమ్మాయి.

ఈ నవ్వులాట ఎన్నాళ్లో సాగలేదు. తొమ్మిదో తరగతి పరీక్షల్లో దానికి లెక్కల్లో నలభై రెండొచ్చాయి. "పదో తరగతి గట్టెక్కేదాకా ఆ డబ్బా అటకెక్కాల్సిందే" అన్నారు మావారు. నేనూ తలూపాను. సెలవులకి ఖానాపూర్ వెళుతున్నాం కదా, అమ్మమ్మకి ఒక్కసారి చూపించి, తిరిగొచ్చాక తనే అటకెక్కించేస్తానంది పిల్ల. అంత నెమ్మదిగా ఒప్పుకుంటుందనుకోలేదు నేను. అదే నా మనసులో కలుక్కుమంది.

ఖానాపూర్ మా పుట్టిల్లు. వెళ్లిన రాత్రే హాల్లో తెల్ల చార్టులు పరిచి, టేపు వంకరటింకరగా అతికించి బొమ్మని వదిలింది. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది.

"నిర్మల్ బొమ్మలు జూసిన గాని, నడిచే బొమ్మను జూసుడు గిదే బిడ్డా! సదర్మాట్ కాలువల నీళ్లు పోయినట్టు గీత మీదనే పోతున్నది!"

అంతటితో ఊరుకుందా? తెల్లవారేసరికి ఇరుగుపొరుగు అందరికీ కబురు పెట్టేసింది. పది గంటలకి వాకిట్లో చార్టులు పరిచారు. మే నెల ఎండ. పిల్ల మీట నొక్కింది. బొమ్మ గీత వైపు కన్నెత్తయినా చూడకుండా తిన్నగా వెళ్లి తులసికోటకి గుద్దుకుంది! మళ్లీ పెట్టింది. మళ్లీ అదే తులసికోట.

"దీని మీద పడే మార్కులు తక్కువొచ్చినట్టున్నయి" అన్నాడు వరసకి మామయ్య. అందరూ నవ్వారు. పిల్ల నా వంక చూసింది. మార్కుల సంగతి ఊరిదాకా మోసింది నేనే మరి. తల దించుకున్నాను.

అప్పుడు మా అమ్మ లోపలికెళ్లి పాత నల్ల గొడుగు తెచ్చింది. "మనకే ఎండకు కండ్లు బైర్లు గమ్ముతున్నయి, దానికి గమ్మవా?" అంటూ బొమ్మ మీద పట్టుకుంది. నేను విసుక్కోబోయాను. అంతలో బొమ్మ కదిలింది. గొడుగు నీడలో, గీత మీద, వంపు తిరిగి మరీ నడిచింది! నీడ దాటగానే మళ్లీ తులసికోట దారి పట్టింది.

"అమ్మమ్మా, ఎండే!" అని పిల్ల ఒక్క గెంతు గెంతింది.

బొమ్మ కింద రెండు కళ్లున్నాయి. మన కంటికి కనిపించని పరారుణ కిరణాలని నేలమీదికి పంపి, తిరిగొచ్చినవాటిని కొలుస్తాయి. తెలుపు వాటిని తిప్పి పంపిస్తుంది, నలుపు మింగేస్తుంది. ఎండలోనూ అవే కిరణాలున్నాయి కదా, దాంతో నలుపు కూడా దానికి తెలుపైపోయింది. లాప్‌టాప్‌కి తగిలించి అంకెలు చూపించింది. రాత్రి తెలుపుకి 80, నలుపుకి 800. అందుకని 400 దాటితే నలుపని రాసిపెట్టింది. ఎండలో అదే నలుపుకి 150!

ఆ మధ్యాహ్నమంతా చాపమీద బోర్లా పడుకుని కాగితాల నిండా లెక్కలే. గొడుగుకి బదులు బొమ్మ కళ్ల చుట్టూ అట్టముక్కతో చూరు కట్టింది. ఎక్కడ నడవాలో అక్కడే ముందు తెలుపుని, నలుపుని కొలుచుకుని, రెండూ కలిపి సగం చేసి, ఆ అంకెతో నడక మొదలెట్టేలా ఆదేశాలు తిరగరాసింది. "రాత్రి కొలిచిన అంకె పగటికి పనికిరాదమ్మా, మళ్లీ కొలవాలి" అంది, కాగితంలోంచి తలెత్తకుండానే.

నాకు నా టెన్త్ గుర్తొచ్చింది. లెక్కల్లో ముప్ఫై ఎనిమిది. "దీనికి లెక్కలు రావు" అని ఆర్ట్స్‌లో చేర్పించారు. బి.ఏ. చదివానని విచారం లేదు, ఆ చదువే నాకు అన్నం పెడుతోంది. కానీ ఆ ఒక్క అంకె చూశాక మళ్లీ ఎవరూ నన్ను కొలవలేదు. నేనూ కొలుచుకోలేదు. పాలవాడి పద్దు కూడా మావారి చేతికే ఇచ్చేస్తూ వచ్చాను.

రాత్రి మావారు ఫోన్ చేశారు. "డబ్బా కట్టేసిందా?"

"లేదు. అటకెక్కదు. రోజూ గంటసేపు లెక్కలు, తర్వాత గంటసేపు బొమ్మ. లెక్కల గంటలో పక్కన నేనూ కూర్చుంటాను."

"నువ్వా? లెక్కలకా?" ఆయన పకపకా నవ్వారు.

నవ్వనివ్వండి. ఇన్నేళ్లకైనా నేను మళ్లీ కొలిచి చూసుకోవద్దూ!