జవాబు ఎవరికి?



ఈసారి కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపికతో చదవండి. తప్పు నాది, అందుకే ముందు అదే చెప్తున్నాను.

పోయిన ఏడాది మన వాట్సాప్ గ్రూపులో ఒకాయన వధూవరుల మేళావాకు పేరు ఇంకా ఇవ్వొచ్చా అని అడిగారు. నా చదువు మరాఠీ మీడియంలో అయింది. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చినవే, ఫోన్‌లో ఒక్కోటి వెతికి కొడతాను. "గడువు అయిపోయింది" అని రెండు మాటలు పంపేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఆలోపు ఇంకో ప్రశ్న మధ్యలో వచ్చి పడ్డది. బీడీలు చేసే ఒకామె, నాకు బిడ్డ లాంటిది, బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్ ఫారం ఇంకా నింపొచ్చా అని అడిగింది. నా జవాబు సరిగ్గా దాని కిందే పోయి కూర్చుంది. నేను చూసుకోలేదు. ఆ తర్వాత గుడ్ మార్నింగులు, దేవుళ్ల ఫొటోలు.

పదిహేను రోజులకు మార్కండేయ గుడి దగ్గర కలిసింది. పాప ఫారం నింపినవా అమ్మా అని మామూలుగా అడిగాను.

"మీరే అయిపోయిందన్నరు గద కాకా" అన్నది.

ఫోన్ తీసి చూపించింది. ఆమె ప్రశ్న, దాని కింద నా జవాబు. ఎవరు చదివినా అట్లనే అర్థమవుతది. ఆమె అడిగిన రోజుకు ఇంకా ఆరు రోజులున్నయి. మేం మాట్లాడుకునే రోజుకు పోర్టల్ నిజంగానే మూసేశారు. ఆ ఏడు ఆ పాపకు పైసా రాలేదు.

నేను రైల్వేలో గుమస్తాగా చేసినవాణ్ణి. అక్కడ ఏ ఉత్తరానికి జవాబు రాసినా, మీ ఫలానా నంబరు, ఫలానా తేదీ ఉత్తరానికి అని పైన వేయకుండా కాగితం బయటికి పోదు. స్టేషన్ మాస్టర్లు ఫోన్‌లో ముఖ్యమైన మాట ఇస్తే ప్రైవేట్ నంబరు కూడా ఇస్తారు. రెండంకెల నంబరు, వాడినదాన్ని కాగితం మీద కొట్టేస్తారు. ఒక బండికి చెప్పిన మాట ఇంకో బండికి పోవద్దని. ఇన్నేళ్లు ఆ పద్ధతిలో బతికి, ఇంట్లో ఫోన్ పట్టుకోగానే మర్చిపోయాను.

సాఖర్ పేట, భవానీ పేట నుంచి అక్కల్‌కోట్ రోడ్ దాకా మనవాళ్లు చాలామంది సాంచల మోతలో నిలబడి ఫోన్ చూస్తారు. పైకి జరిపి అంతా చదివే తీరిక ఎవరికుంది? చివరి రెండు మెసేజులే చూస్తారు. అందుకే నాలుగు మాటలు:

1. జవాబిచ్చే మెసేజును వేలితో కుడివైపు జరపండి. ఆ ప్రశ్న మీ జవాబు పైనే కనిపిస్తది. ఇట్లా ప్రశ్నను జోడించి జవాబిచ్చే సౌకర్యం 2016 నుంచీ ఉంది.

2. అది రాకపోతే విషయం పేరు రాయండి. నేను "మేళావా గడువు" అని ఒక్క మాట ఎక్కువ కొట్టి ఉంటే సరిపోయేది.

3. బొటనవేలు బొమ్మ జవాబు కాదు. చూశారని తెలుస్తది గానీ, అవునో కాదో తెలియదు.

4. గడువున్న విషయాలను అడ్మిన్లు పైన పిన్ చేయాలి. 30 రోజుల దాకా అట్లనే ఉంచొచ్చు.

మనవాళ్ల మధ్య ఈ ఆఫీసు పద్ధతులెందుకు అని ఒక పెద్దాయన అన్నారు. మనవాళ్లు కాబట్టే కావాలి. బయటివాడు చెప్తే ఆమె ఇంకో నలుగురిని అడిగేది. కాకా చెప్పిండు కదా అని ఊరుకున్నది. మగ్గం మీద పోగు తెగితే ఏ పోగుకు ఆ పోగే అతుకుతాం. పక్క పోగుకు ముడేస్తే చద్దరు మొత్తంలో తప్పు కనిపిస్తది. అది మనకెవరూ నేర్పనక్కర్లేదు.

ఈ ఏడు పోర్టల్ తెరవగానే ఆ పాప ఫారం నేనే దగ్గర కూర్చుని నింపిస్తానని మాటిచ్చాను. మీ ఇంట్లో కూడా బీడీ కార్డు ఉన్నవాళ్లుంటే పిల్లల కాగితాలు తీసుకుని రండి.

ఈ పోస్టు కింద రాసేవాళ్లు ఏ మాటకు జవాబో చెప్పి రాయండి. నేనూ అట్లనే రాస్తాను, ఆలస్యమైనా సరే.