గాలికి గంధం పూయగలమా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని పెద్దలు అన్నారు. యంత్రం మాత్రం పుట్టగానే పరిమళించదు. దానికి నూనె కావాలి, విద్యుత్తు కావాలి, టెండరు కావాలి, అన్నిటికంటె ముందు ఒక కమిటీ కావాలి. ఈ సత్యం గత ఏడాది నాకు స్వానుభవంలోకి వచ్చింది.

మన టౌన్‌షిప్పులోని వాణిజ్య సముదాయాన్ని నవీకరించే సందర్భంలో, రెండు వరుసల దుకాణాల నడుమ ఉన్న ఆరుబయలు ప్రాంగణంలో సువాసనను వెదజల్లే యంత్రాలను అమర్చాలన్న ప్రతిపాదన వచ్చింది. పెద్ద నగరాలలోని హోటళ్ళలో అడుగుపెట్టగానే ఒక పరిమళం మనలను పలకరించడం చాలామందికి తెలిసినదే. అటువంటి అనుభూతి మన బజారులోనూ కలిగితే వచ్చినవారు మరికాసేపు నిలుస్తారని, దుకాణదారులకు నాలుగు రూపాయలు మిగులుతాయని ఆలోచన. యంత్రాల ఎంపికకు ముగ్గురు సభ్యుల కమిటీని వేసి, సాంకేతిక సభ్యునిగా నన్ను నియమించారు.

ఉత్తర్వు చదివి నాలో నేను నవ్వుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా పర్యావరణ విభాగంలో నేను చేస్తున్న పని దీనికి సరిగ్గా విరుద్ధమైనది. పొగగొట్టం ఎంత ఎత్తు ఉండాలి, అందులోంచి వెలువడే వాయువు ఎంత దూరంలో ఎంత పలచబడి నేలకు దిగుతుంది, ఏ వాసనా జనావాసాన్ని చేరకుండా ఏమి చేయాలి అన్నదే నా నిత్యపారాయణం. ఇప్పుడేమో వాసనను పోనీయకుండా పట్టి ఉంచమంటున్నారు! అయినా గాలి ఒక్కటే, సూత్రాలూ ఒక్కటే అనుకుని పనికి పూనుకున్నాను.

ఈ పనిని నేను తేలికగా తీసుకోకపోవడానికి ఇంట్లో జరిగిన ఒక సంగతి కారణం. 2021లో కోవిడ్ సోకి తగ్గిన తరువాత నా శ్రీమతికి దాదాపు ఏడు నెలలు వాసన తెలియలేదు. మొదట్లో దానిని మేమిద్దరం చిన్న విషయంగానే భావించాం. ఒకనాటి ఉదయం నేను నడకకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి వంటింట్లో పాలు పొంగి స్టవ్వు మంట ఆరిపోయి ఉంది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆమె ఆ పక్కనే నిలబడి ప్రశాంతంగా కూర తరుగుతున్నది. గుమ్మంలోనే నా ముక్కుకు తగిలిన ఆ దుర్వాసన ఆమెకు రవంతైనా తెలియలేదు. కిటికీలు తెరిచి కూర్చున్నాక ఆమె మెల్లగా అన్న మాట నేను మరువలేను: "వాసన తెలియకపోతే కూర రుచి పోతుందనుకున్నానండీ, కాపలా పోతుందనుకోలేదు."

ఇక యంత్రాల సంగతికి వస్తాను. బజారులో దొరికేవాటిని స్థూలంగా నాలుగు రకాలుగా చెప్పవచ్చు. నూనెలో నానిన వత్తి మీదుగానో దిండు మీదుగానో ఫంకా గాలిని పంపేవి మొదటి రకం. మన పూర్వులు వేసవిలో గుమ్మాలకు కట్టి నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తడికలు ఈ జాతివే. నూనెను వేడిచేసి ఆవిరిగా మార్చేవి రెండవ రకం. నీటిలో నూనె చుక్కలు కలిపి, మన చెవికి అందని కంపనాలతో పొగమంచులా ఎగజిమ్మేవి మూడవ రకం. నీరు, వేడి రెండూ లేకుండా, ఒత్తిడితో కూడిన గాలితో నూనెను అతి సూక్ష్మమైన తుంపరగా చీల్చేవి నాలుగవ రకం.

ఆరుబయట మొదటి రకం చాలదు. రెండవదానిలో వేడికి పరిమళమే మారిపోతుంది. మూడవదానిలో నీటిని తరచు మార్చకపోతే పాచి పడుతుంది. మన బోరు నీటిలోని లవణాలు తెల్లని పొడిగా చుట్టూ పేరుకుంటాయి. మిగిలినది నాలుగవ రకం. ఇందులో చుక్క ఎంత చిన్నదైతే అంత మేలు. పదోవంతు పరిమాణం గల చుక్క నూరోవంతు వేగంతో మాత్రమే కిందికి దిగుతుంది. మిల్లీమీటరులో నూరోవంతు వ్యాసం గల చుక్క నిశ్చలమైన గాలిలో ఒక మీటరు దిగడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. చుక్క పెద్దదైతే సువాసన గాలిలో ఉండదు, నడిచే దారి మీద జిడ్డుగా మిగులుతుంది.

ఇంతవరకు విక్రేతల ప్రతినిధులకూ నాకూ పేచీ లేదు. పేచీ అంతా గాలి దగ్గర వచ్చింది. ఒక యంత్రపు వివరణ పత్రంలో "2,000 ఘనపు మీటర్లకు చాలును" అని ఉంది. మన ప్రాంగణం 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మనిషి తల మీదుగా 3 మీటర్ల ఎత్తు వరకే లెక్కించినా 5,400 ఘనపు మీటర్లు. అయితే మూడు యంత్రాలు పెడితే సరిపోతుందన్నారు ఆ ప్రతినిధి. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. పొడవు వెంట సెకనుకు 2 మీటర్ల వేగంతో చిరుగాలి వీచినా ప్రాంగణంలోని గాలి మొత్తం 30 సెకన్లలో మారిపోతుంది. అంటే గంటకు 120 మార్లు. తలుపులు మూసిన హాలులో గంటకు పది మార్లు మారడమే ఎక్కువ. ఆ పత్రంలోని అంకె మూసిన గదికి వర్తించేది. ఆరుబయట ఘనపరిమాణం కాదు ప్రధానం, గాలి ప్రవాహం. పోనీ నూనెను రెట్టింపు చేద్దామంటే ముక్కు అందుకు ఒప్పుకోదు. మోతాదు రెట్టింపైతే వాసన రెట్టింపైనట్లు తోచదు, కొద్దిగా పెరిగినట్లు మాత్రమే తోస్తుంది. ఖర్చు మాత్రం కచ్చితంగా రెట్టింపవుతుంది.

పైగా గాలికి వేళాపాళా ఉంది. బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త ఫ్రాంక్ పాస్క్విల్ 1961లో గాలి స్థితిని ఆరు తరగతులుగా విభజించాడు. పొగగొట్టాల లెక్కలలో అది నేటికీ మాకు ఉపకరిస్తున్నది. ఎండ తీవ్రంగా ఉన్న మధ్యాహ్నం గాలి కిందికీ మీదికీ కలగలిసి, వాసన క్షణాలలో చెదిరిపోతుంది. నిర్మలమైన రాత్రి, గాలి స్తంభించినప్పుడు అదే వాసన పొరలా నేలను అంటిపెట్టుకుంటుంది. మనం సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళం. పగలు సముద్రం మీదనుంచి, రాత్రి నేల మీదనుంచి గాలి వీస్తుంది. ఒకే అమరికతో నడిచే యంత్రం మధ్యాహ్నం వృథా, రాత్రి వెగటు. కనుక గాలి వేగాన్నీ దిశనూ కొలిచే పరికరం, దానితో ఆగి ఆగి నడిచే ఏర్పాటు లేని యంత్రం ఆరుబయలుకు తగదని వ్రాశాను.

మరి రెండు విషయాలు మన ఇంజనీర్లందరికీ ఉపయోగపడతాయి. మొదటిది పెట్టె. దుమ్ము దూరకుండా, నీటి ధార కొట్టినా తడవకుండా ఉండాలంటే ఐ.పి. 65 శ్రేణి కావాలి. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుప రేకు తాళదు. రెండవది నూనె. కమలా తొక్క రసం బెలూను మీద పిండితే అది ఠప్పున పగలడం పిల్లలకు తెలిసిన ఆటే. తొక్కలోని లిమోనీన్ అనే ద్రవ్యం రబ్బరును మెత్తబరుస్తుంది, కొన్ని ప్లాస్టిక్కులను కరిగిస్తుంది. కాబట్టి లోపలి గొట్టాలూ వాషర్లూ దేనితో చేసినవో అడిగి తెలుసుకోవాలి. ఆ లిమోనీన్ సుమారు 48 డిగ్రీల వేడి వద్ద మంట అంటుకోగల ఆవిరిని ఇస్తుంది. ఆల్కహాలు కలిపిన అత్తరులకైతే మామూలు గది వేడిమే చాలు. మే నెల ఎండలో నిలిచిన లోహపు పెట్టె లోపల 50 డిగ్రీలు దాటడం విశేషం కాదు. పక్కన బజ్జీల బండి నిప్పు ఉండనే ఉంటుంది.

ఈ లెక్కలన్నీ కాగితం మీదివి. అసలు పాఠం మూడు రోజుల ప్రయోగంలో దొరికింది. ఒక విక్రేత తన యంత్రాలను ఉచితంగా అమర్చి, మల్లెల పరిమళం నింపి నడిపాడు. మొదటి సాయంత్రం అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. రెండవనాడు ప్రాంగణం మూలన పూలమ్మే పెద్దావిడ నన్ను పిలిచింది. "మీ మిసనొచ్చిన కాడ్నుంచి నా మల్లిపువ్వుల వాసన ఎవులికీ తగల్నేదు బాబూ. పువ్వులు వాడిపోనాయా అనడుగుతన్నారు" అన్నది. బుట్ట ముఖం దగ్గరగా పెట్టుకుని చూశాను. అప్పుడే విచ్చుకుంటున్న మొగ్గలు, నిగనిగలాడుతున్నాయి. వాసన మాత్రం నాకూ తెలియలేదు. గంటసేపటి నుంచి కృత్రిమమైన మల్లెను పీలుస్తున్న ముక్కు అసలు మల్లెను గుర్తించడం మానివేసింది. ఆమెకు ఏమి సమాధానం చెప్పాలో తోచక రెండు మూరలు కొనుక్కుని వచ్చేశాను.

మూడవనాటి సాయంత్రం ఊడ్చే పనిలో ఉన్న ఒకామె టిఫిను బండి వెనుకకు వెళ్ళి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కేక వేసింది. సిలిండరు రబ్బరు గొట్టం చీలి గ్యాసు వస్తున్నది. వెంటనే రెగ్యులేటరు కట్టివేశారు, మంటలన్నీ ఆర్పించారు. ఎవరికీ ఏమీ కాలేదు. భయం తీరాక బండి యజమానిని అడిగాను, అంత దగ్గర ఉండి నీకెలా తెలియలేదని. అతడు తలవంచుకుని, "ఏదో వాసన వస్తూనే ఉందండీ. మిషనులో కొత్త నూనె పోశారనుకున్నాను" అన్నాడు. ఆ మాటతో నాకు మా వంటింటి ఉదయం కళ్ళ ముందు నిలిచింది. ఆమె ముక్కును జబ్బు మూసింది. ఇతని ముక్కును మేము మూశాం.

వంటగ్యాసుకు స్వతహాగా చెప్పుకోదగిన వాసన లేదు. మనం గుర్తుపట్టే ఆ కుళ్ళు వాసన మెర్కాప్టన్ అనే పదార్థానిది, కావాలని కలిపినది. గాలిలో గ్యాసు సుమారు 2 శాతానికి చేరితే అంటుకుంటుంది. అందులో ఐదోవంతు ఉన్నప్పుడే ముక్కు పసిగట్టేటట్లు ఆ పదార్థాన్ని కలుపుతారు. ఈ జాగ్రత్త వెనుక ఒక విషాదం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి పాఠశాలలో వాసన లేని సహజవాయువు నేలమాళిగలో చేరి పేలింది. దాదాపు 300 మంది విద్యార్థులూ ఉపాధ్యాయులూ మరణించారు. సహజవాయువుకు వాసన కలిపి తీరాలన్న చట్టాలు ఆ తరువాత వచ్చాయి. అంతమంది పసివాళ్ళ ప్రాణాలతో మానవజాతి కొనుక్కున్న హెచ్చరిక అది. దానిమీద మనం మల్లెల ముసుగు కప్పరాదు.

యంత్రాలే వద్దని వ్రాయడం సులభం. కాని అప్పగించిన పనికి అది న్యాయం కాదు. కమిటీ నివేదికలో మేము సూచించినవి ఇవి. యంత్రాలు మూడు కాదు, ఒక్కటి చాలును. అదీ ప్రాంగణం నడుమ కాదు, గాలి కొంత నిలిచే ప్రవేశద్వారపు కప్పు కింద. ఆహారపు బండ్లకు 25 మీటర్లలోపు ఏ పరిమళమూ వెదజల్లరాదు. యంత్రం సాయంత్రం రెండు గంటలు మాత్రమే, నిమిషం నడిచి అయిదు నిమిషాలు ఆగేటట్లు ఉండాలి. గాలి స్తంభించినా, బండ్ల వైపు తిరిగినా దానంతట అదే ఆగిపోవాలి. మంట అంటుకునే ఉష్ణోగ్రత 90 డిగ్రీలకు పైబడిన మిశ్రమాన్నే వాడాలి. ఉబ్బసం ఉన్నవారి కోసం రెండవ ద్వారాన్ని వాసన లేకుండా ఉంచాలి. మిగిలిన డబ్బుతో టిఫిను బండ్ల రబ్బరు గొట్టాలన్నీ మార్పించి, ప్రాంగణం అంచున పొగడ, పారిజాతం, సంపెంగ మొక్కలు నాటించాలి.

"ఇంజనీరుగారు యంత్రం కొనమంటే చెట్లు కొన్నారు" అని కొందరు మిత్రులు హాస్యమాడారు. ఆడనివ్వండి. చెట్టు పరిమళం వచ్చిపోయే చుట్టం వంటిది. గాలితో వచ్చి, గాలితో పోతుంది. ముక్కును విసిగించదు. దినమంతా ఇంట్లోనే కూర్చునే చుట్టాన్ని ఎవరు మాత్రం గౌరవిస్తారు? కర్మాగారంలో పనిచేసే మనకు వాసన కేవలం విలాసం కాదు. బేరింగు వేడెక్కినా, తీగ కాలినా, వాయువు కారినా మీటరు ముల్లు కదలకముందే చెప్పేది చాలాసార్లు ముక్కే. ఏ పరికరాన్ని ఎంపిక చేసినా, మనకు పుట్టుకతో వచ్చిన ఈ పరికరాన్ని అది పాడుచేయకుండా చూసుకోవడం మన ధర్మం.

నివేదికను యాజమాన్యం స్వల్ప మార్పులతో ఆమోదించింది. పూలమ్మే పెద్దావిడ స్థానాన్ని ద్వారానికి దూరంగా, సాయంత్రపు గాలి ముందుగా తాకే వైపుకు మార్చారు. మొన్న ఒక సాయంత్రం నేనూ నా శ్రీమతీ అటు వెళ్ళాం. పూలబుట్ట ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే ఆమె ఆగింది. "మల్లెలు" అన్నది. అంతకంటె ఏమీ అనలేదు. నేను రెండు మూరలు అడిగితే పెద్దావిడ మూడు మూరలు కొలిచి ఇచ్చింది.