శ్రుతికి ఒక చోటు

పాత హార్మోనియానికీ, ఈ రోజుల్లో లాప్‌టాప్‌లో వాయిస్తున్న వాద్యాలకీ తేడా ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే, ధ్వని సంగతి తరవాత చెబుతాను. ముందు చెప్పేది ఇది: ఉన్నది చాలనప్పుడు హార్మోనియం అందరికీ కొంచెం కొంచెం తగ్గిస్తుంది. లాప్‌టాప్ మాత్రం ఒకరిని పూర్తిగా ఆపేసి మిగిలినవారికి నిండుగా పెడుతుంది.

హార్మోనియంలో ప్రతి మెట్టుకూ దాని రీడు దానికి ఉంటుంది. తిత్తిలోని గాలి మాత్రం అందరికీ ఒకటే. నాలుగు మెట్లకు బదులు ఎనిమిది మెట్లు నొక్కామనుకోండి, గాలి త్వరగా ఖర్చయి అన్ని రీడ్లూ కాస్త నీరసిస్తాయి. తిత్తి కొట్టే చెయ్యి వేగం పెంచితే మళ్లీ అన్నీ లేస్తాయి. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో తిత్తి కొట్టే హార్మోనియం తయారుచేశాడు. మన దేశంలో దానికి శ్రుతి పిడులు కూడా చేరాయి. ఆ పిడి లాగి ఉంచితే, గాలి ఉన్నంతసేపు శ్రుతి పలుకుతూనే ఉంటుంది. వేళ్లు ఎన్ని మెట్లు నొక్కినా శ్రుతిని అక్కడినుంచి లేపేసేవారు లేరు.

ఈ భాగ్యం కీబోర్డులకు మొదటినుంచీ లేదు. 1970లో వచ్చిన మినీమూగ్‌లో ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. రెండు మెట్లు కలిపి నొక్కితే కిందిదానికే మాట దక్కేది, పైది ఊరుకునేది. 1978లో వచ్చిన ప్రాఫెట్-5లో అయిదు గొంతులు, 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో పదహారు. 1986లో కాసియో ఎస్‌కే-1 వచ్చింది. మన మాటనో, గిన్నె చప్పుడునో అందులో రికార్డు చేసుకుని మెట్ల మీద వాయించుకోవచ్చు, కానీ ఒకేసారి నాలుగు గొంతులే. ఇలా ఒకేసారి ఎన్ని గొంతులు పలకగలవో ఆ లెక్కనే పాలీఫోనీ అంటారు. గొంతును వాయించేవాళ్లు వాయిస్ అంటారు. 1991లో కంపెనీలన్నీ కలిసి జనరల్ మిడి అనే కట్టుబాటు పెట్టుకున్నప్పుడు, వాద్యానికి కనీసం 24 వాయిస్‌లు ఉండాలని రాసుకున్నాయి. 1990లలో మా వైపు కీబోర్డు ఏ కంపెనీదైనా దాన్ని 'కాసియో' అనే పిలిచేవాళ్లం. అప్పుడు ఈ లెక్కలు మాకు పట్టేవి కావు.

ఇప్పుడు పద్ధతి మారింది. నిజమైన వయొలిన్ల పలుకు, పియానో పలుకు, తంబూర పలుకు ఒక్కొక్క స్వరంగా రికార్డు చేసి కంప్యూటరులో పెడతారు. మెట్టు నొక్కితే ఆ రికార్డు పలుకుతుంది. దీన్నే శాంప్లర్ అంటారు. 1998లో గిగాశాంప్లర్ వచ్చాక పెద్ద పెద్ద రికార్డులను హార్డ్ డిస్కు మీదనుంచే అప్పటికప్పుడు చదివి పలికించడం సాధ్యమైంది. 2002లో కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. వందల వాయిస్‌లు ఒకేసారి పలికించవచ్చు. ఇంక కొదవ ఏముంది అనిపిస్తుంది. కొదవ ఎక్కడుందో మా ఇంట్లోనే చూశాము.

మాది జంగారెడ్డిగూడెం. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని ఏలూరు జిల్లాలో చేర్చారు గాని, అలవాటుగా ఇప్పటికీ పశ్చిమ గోదావరి అనే అంటాము. చుట్టూ పొగాకు చేలు, పామాయిల్ తోటలు. మా చెల్లెలి కొడుకు గుడిలో కీబోర్డు వాయిస్తాడు. చేతికింద ఒక కీబోర్డు, పక్కన పాత లాప్‌టాప్, దానిలో శాంప్లర్. వాడి వేళ్లలో మంచి పనితనం ఉంది. మా అక్కయ్య టీచరుగా పనిచేసి రిటైరైంది, డెబ్బై ఏళ్లు. చిన్నప్పుడు హార్మోనియం పక్కన కూర్చుని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నేర్చుకున్న మనిషి. ఆ పుస్తకంలో కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలు మన రాగాల్లో కట్టినవి. పాశ్చాత్య కీర్తనకు నాలుగు గొంతులు కలిసి బలమిస్తాయి. మన కీర్తనకు ఒక్క శ్రుతి చాలు, కానీ ఆ ఒక్కటీ ఉండి తీరాలి.

2023 డిసెంబరులో క్రిస్మస్ పాటల కూడికలో అక్కయ్య పాడింది. పల్లవి చక్కగా సాగింది. రెండో చరణానికి వచ్చేసరికి మా మేనల్లుడు వయొలిన్లు, కోరస్, పియానో అన్నీ నిండుగా వాయించాడు. చరణం చివర వాద్యాలు ఆగి, గొంతు ఒక్కటే సాగే చోటు ఉంది. అక్కడ అక్కయ్య స్వరం మెల్లగా కిందికి జారింది. వయొలిన్లు మళ్లీ అందుకునేసరికి ఆమెకూ వాటికీ పొత్తు కుదరలేదు. పాట ముగించి వచ్చి కూర్చుంది. వెనక బెంచీలో ఎవరో, "పాపం, వయసైపోయింది, శ్రుతి నిలవడం లేదు" అన్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది.

"ఇంక నేను పాడను లేరా తమ్ముడూ. చెవి మొద్దుబారింది" అంది ఇంటికొచ్చాక. మర్నాటి నుంచి ప్రాక్టీసుకు వెళ్లడం మానేసింది.

నాకు మనసు ఒప్పుకోలేదు. ఇంట్లో వంట చేసుకుంటూ పాడినప్పుడు ఆమె స్వరం చెదరడం నేను వినలేదు. ఆ రోజు పాటను ఫోనులో తీసిన పిల్లవాడి దగ్గరినుంచి వీడియో తెప్పించి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని నాలుగైదు సార్లు విన్నాను. పాట మొదట్లో తంబూర ఉంది. చరణం మధ్యలో, వయొలిన్లు బాగా నిండినచోట, తంబూర లేదు. వయొలిన్ల కింద అది ఆగిపోయిన సంగతి సభలో ఎవరికీ తెలియలేదు, వాయించేవాడికీ తెలియలేదు. వాద్యాలు ఆగాక ఆమె కింద ఏమీ మిగల్లేదు. ఆమె స్వరం జారింది ఆ తరవాతే.

మేనల్లుణ్ణి పిలిచి వినిపించాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత లాప్‌టాప్ తెరిచి, "ఇదిగో మావయ్యా, ఈ అంకె చూడండి" అన్నాడు. ఎన్ని వాయిస్‌లు పలుకుతున్నాయో తెరమీద ఒక అంకె చూపిస్తోంది. లాప్‌టాప్ పాతది గనుక, భారం ఎక్కువైతే చిటపటమంటుందని వాడు 64 వాయిస్‌లు దాటకుండా హద్దు పెట్టుకున్నాడు. తంబూర, వయొలిన్లు, కోరస్, పియానో అన్నీ ఆ ఒక్క హద్దులోనే ఉన్నాయి.

ఇద్దరం కాగితం మీద లెక్క వేశాము. ఒక మెట్టు నొక్కితే వయొలిన్లు రెండు వాయిస్‌లు తీసుకుంటాయి, మెత్తని పలుకు ఒకటి, గట్టి పలుకు ఒకటి. కోరస్ ఒకటి, పియానో ఒకటి. అంటే మెట్టుకు నాలుగు. కాలికింద పెడల్ తొక్కి ఉంచితే, మెట్టు వదిలినా పలుకు ఆగదు, దాని వాయిస్ ఖాళీ కాదు. తంబూరకు ఒకటి. పదిహేను మెట్లకు అరవై. మొత్తం 61. పదహారో మెట్టు నొక్కగానే ఇంకో నాలుగు కావాలి. 65 అవుతుంది, హద్దు 64. ఎవరో ఒకరు లేవాలి.

ఎవరు లేవాలన్నది కూడా ఆ సాఫ్ట్‌వేర్‌లో రాసి ఉంది: అందరికంటే ముందు మొదలైనది ముందు ఆగాలి. ఈ నియమం చెడ్డదేమీ కాదు. పియానోలో ముందు కొట్టిన స్వరం అప్పటికే సన్నగిల్లి ఉంటుంది, దాన్ని ఆపితే వినేవారికి తెలియదు. కానీ తంబూర సన్నగిల్లే వాద్యం కాదు. అది పాటకంటే ముందే మొదలై, పాట అయ్యేవరకూ ఒక్క తీరుగా ఉండవలసినది. 'ముందు మొదలైనది ఎవరు' అని అడిగితే జవాబు ప్రతిసారీ శ్రుతే.

కారణం తెలిశాక సవరించడానికి ఒక సాయంత్రం పట్టింది. ఈ పని చేసే పిల్లలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు గనుక వివరంగా రాస్తున్నాను.

మొదటిది, తంబూరను మిగతావాటినుంచి విడదీసి వేరే వాద్యంగా పెట్టాడు. దానికి నాలుగు వాయిస్‌లు కేటాయించాడు. పలికేది ఒకటే అయినా, శ్రుతి మార్చేటప్పుడు పాతదీ కొత్తదీ కాసేపు కలిసి ఉండాలి గదా. ఆ నాలుగింటి జోలికి ఇంకెవరూ రాలేరు. ఇది కొత్త ఆలోచన కాదు. 1987లో వచ్చిన రోలాండ్ ఎంటీ-32లోనే, ఉన్న వనరులో ఏ భాగానికి ఎంత అని ముందుగా కేటాయించుకునే వీలు ఉండేది.

రెండవది, వయొలిన్లకు 32, పియానోకు 16, కోరస్‌కు 12 ఇచ్చాడు. తంబూరతో కలిపి అదే 64. ఇప్పుడు వయొలిన్లకు చాలకపోతే వయొలిన్లలోనే ఒకటి ఆగుతుంది.

మూడవది, ఆపవలసి వస్తే మెట్టు వదిలేసిన స్వరాన్ని ముందు ఆపమని ఏర్పాటు చేశాడు. వేలి కింద ఇంకా పలుకుతున్నదానికంటే, వదిలేశాక తోకలా సాగుతున్నదాన్ని ఆపడమే న్యాయం. ఆ ఆపడం కూడా ఠక్కున కాక, రెప్పపాటులో సన్నగిల్లేట్టు పెట్టాడు. లేకపోతే 'టిక్' అని చప్పుడు వస్తుంది.

నాలుగవది, మెట్టు వదిలాక వయొలిన్ మూడు సెకన్లు మోగేది. దాన్ని ఒక సెకనుకు తగ్గించాడు. వాయిస్‌లు తొందరగా ఖాళీ అవుతున్నాయి. స్వరం మారినప్పుడల్లా పెడల్ వదిలి మళ్లీ తొక్కడం అలవాటు చేసుకున్నాడు.

"హద్దు 64 నుంచి 256కు పెంచేస్తే సరిపోదా?" అని నేను అడిగాను. "పెంచితే లాప్‌టాప్ మోయలేదు మావయ్యా, అప్పుడు అన్నీ కలిసి చిటపటమంటాయి. కొత్తది కొన్నా, ఇంకో రెండు వాద్యాలు కలపాలనిపిస్తుంది" అన్నాడు. నిజమే. ఆస్తి పెరిగిన కొద్దీ ఇంట్లో కోరికలు పెరగడం మనం చూడనిదా. ఎంత ఉన్నదన్నదానికంటే, చాలనప్పుడు ఎవరిని ఆపకూడదో ముందుగా అనుకోవడం ముఖ్యం.

ఆ మర్నాడు వాడు అక్కయ్య ఇంటికి వెళ్లి వీడియో వినిపించాడు. "పెద్దమ్మా, ముందు ఆగింది నీ గొంతు కాదు, నా తంబూర" అన్నాడు. ఆమె మళ్లీ పెట్టించుకుని విన్నది. "సరే, యంత్రం సంగతి తెలిసింది. మరి ఆ రోజు నలుగురూ అన్న మాట ఎవరు వెనక్కి తీసుకుంటారురా?" అంది.

ఆ ప్రశ్నకు సాఫ్ట్‌వేర్‌లో జవాబు లేదు. మా మేనల్లుడు తరవాతి ప్రాక్టీసులో గాయక బృందమంతటి ముందూ ఆ వీడియో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. 2024 ఈస్టరుకు అక్కయ్య మళ్లీ పాడింది. ఒక్క షరతు పెట్టింది: లాప్‌టాప్ తంబూరతో పాటు పక్కన పాత హార్మోనియం ఉండాలి, దాని శ్రుతి పిడి లాగి ఉండాలి. తిత్తి కొట్టే పని నాకు పడింది.

కీబోర్డు వాయించే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మనవి. కూడికకు ముందు శ్రుతి పెట్టుకుని, పెడల్ తొక్కి, మీ పాటల్లో అన్నిటికన్నా నిండైన చోటు ఒకసారి వాయించండి. తరవాత పెడల్ వదిలి, చేతులు పైకెత్తి వినండి. కింద శ్రుతి ఇంకా పలుకుతుంటే సరే. లేకపోతే, పాడేవారిని పిలవకముందే దానికి ఒక చోటు కేటాయించండి.