బాలిలో పుట్టిన పేరిణి గురువు

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పేరిణి నాట్యం ఎప్పుడైనా చూశారా అండీ? చూడకపోతే ఈసారి ముందు వరుసలో కూర్చోండి. గజ్జెకాలు వేదిక మీద పడుతుంటే ఆ అదురు మన ఒంట్లోకి వస్తుంది.

ఆ పేరిణికి మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణగారు పుట్టింది ఎక్కడనుకున్నారు? ఇండోనేషియాలోని బాలి దీవిలో, 1923లో! ఆయన కళ ఆ దీవి నుంచి వచ్చిందని నేననను. రామప్ప గుడి శిల్పాలనూ, 13వ శతాబ్దంలో జాయపసేనాని రాసిన నృత్తరత్నావళినీ పట్టుకుని ఆయన పేరిణిని నిలబెట్టారు. కానీ బాలిలోనూ ఇక్కడా ఆట వెనకున్న నమ్మకం ఒక్కటే: పిలిస్తే దైవం ఒంట్లోకి వస్తుందని.

బాలిలో సంగ్‌హ్యాంగ్ దెదారి అని ఒక ఆట. ఊరికి తెగులు తగిలితే, ఈడేరని ఆడపిల్లలను ధూపం ముందు కూర్చోబెట్టి ఆడవాళ్లు పాట ఎత్తుకుంటారు. పొగ పట్టిన పిల్లలు కాసేపటికి తూలిపోతారు. దేవకన్యలు పూనారన్నమాట. కళ్లు మూసుకునే లేచి ఆడతారు. చివర్లో తీర్థం చల్లితే తేరుకుంటారు. బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో పూనకంతో పచ్చికుండ మీద నిలబడి రంగం (భవిష్యవాణి) చెప్పడం చూసినవాళ్లకు ఇందులో వింతేముంది?

బాలివాళ్లు 1971లో కూర్చుని మాట్లాడుకుని, తమ నాట్యాలను మూడుగా విడదీశారు. గుడి లోపలి ప్రాకారంలో ఆడేవి, మధ్య ప్రాకారంలో ఆడేవి, బయట వినోదానికి ఆడేవి. పర్యాటకులు ఎగబడుతున్నప్పుడు దేవుడి ఆట అంగడి సరుకు కాకూడదని వాళ్ల ఆరాటం. ఆ జాగ్రత్త నాకు ఎంతో నచ్చింది.

మనకూ అది కావాలి. పేరిణి పండేది శివుణ్ణి తలచుకుంటూ, మెల్లగా మొదలై, మృదంగం ఊపుతో పాటు పెరుగుతూ పోతేనే. కొన్ని సభల్లో సన్మానాలకు గంట ఇచ్చి, ఆటను పది నిమిషాలకు కుదించేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అంతలో ఆడేవాడికి ఒళ్లు వేడెక్కడమే కష్టం, ఇక శివావేశం ఎక్కణ్ణుంచి వస్తుంది? శాలువాలు ఆట అయ్యాక కప్పుకోవచ్చు. నారాయణగూడలోనో అశోక్‌నగర్‌లోనో ఉండి సభలు జరిపేవాళ్లు ఇది చదువుతుంటే, వచ్చే కార్యక్రమంలో పేరిణికి పూర్తిగా ఒక గంట ఇవ్వండి, దానితోనే సభ మొదలుపెట్టండి.