హాట్ సీటుకు ఎదుటి కుర్చీ

నాన్నకు ఫోన్ చేస్తానన్నాడు జాన్ కార్పెంటర్. 1999 నవంబరు, అమెరికాలో ఏబీసీ ఛానల్, 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' క్విజ్. పన్నుల శాఖలో పనిచేసే ఆయన అప్పటిదాకా ఒక్క లైఫ్‌లైన్ (జవాబు తెలియనప్పుడు వాడుకునే సాయం) కూడా ముట్టుకోలేదు. మిగిలింది మిలియన్ డాలర్ల ప్రశ్న: 'లాఫ్ ఇన్' అనే టీవీ హాస్య కార్యక్రమంలో కనిపించిన అమెరికా అధ్యక్షుడు ఎవరు? ఫోన్ కలిసింది. సాయమేమీ అక్కర్లేదు నాన్నా, గెలవబోతున్నానని చెబుదామనే చేశానన్నాడు. ఆనక తాపీగా నిక్సన్ పేరు చెప్పాడు. మిలియన్ డాలర్లూ పట్టుకెళ్లాడు.

అందరూ ఇంత ధీమాగా ఆడితే ఈ ఆటను నాలుగు వారాలు కూడా ఎవరూ చూసేవారు కాదు. దీన్ని బతికించింది తెలిసీ తెలియని జవాబు, దానికీ డబ్బుకూ మధ్య పెట్టిన తూకం. మన దేశానికి మొదట వచ్చిన లెక్కే చూడండి. పదో ప్రశ్న దాటితే 3,20,000 రూపాయలు ఖాయమయ్యేవి. అక్కణ్ణుంచి సుమారుగా రెట్టింపవుతూ 14వ ప్రశ్నకు 50 లక్షలయ్యేది. కావాలంటే ఆ సొమ్ము తీసుకుని లేచి వెళ్లిపోయే వీలుండేది. కోటి రూపాయల ప్రశ్నకు తప్పు చెబితే, మళ్లీ 3,20,000 దగ్గరకు జారిపడేవారు. అంటే ఒక్క మాటకు 46,80,000 పోయేవి. ఇంట్లో సోఫా మీద కూర్చున్న పెద్దాయన "సి అనవయ్యా, సి!" అని గదమాయిస్తూనే ఉంటాడు. పోయేది ఆయన సొమ్ము కాదుగా!

ఆట పుట్టిల్లు ఇంగ్లండు. 1998 సెప్టెంబరు 4న ఐటీవీలో మొదలైంది, వ్యాఖ్యాత క్రిస్ టారంట్. మొదట అనుకున్న పేరు 'క్యాష్ మౌంటెన్'. డబ్బు కొండంత ఉన్నచోట దొంగదారీ ఉంటుంది. 2001లో సైన్యంలో మేజరుగా ఉన్న ఒకాయన పోటీదారు కూర్చునే హాట్ సీటులో నాలుగు జవాబులూ పైకి చదువుతుంటే, సరైనదాని దగ్గరకు రాగానే ఎదురు వరుసలోంచి దగ్గు వినిపించింది. మిలియన్ పౌండ్ల చెక్కు ఆగిపోయింది. 2003లో కోర్టు ఆయన్నీ, ఆయన భార్యనీ, దగ్గినాయన్నీ దోషులుగా తేల్చింది.

మన దేశంలో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో మొదలైంది. నడిపించింది అప్పటికి సినిమాలు ఆడక, సొంత కంపెనీ అప్పుల్లో పడి సతమతమవుతున్న అమితాబ్ బచ్చన్. పెద్ద హీరో చిన్న తెరకు దిగడమేమిటని పెదవి విరిచినవాళ్లున్నారు. అయితే పల్లె నుంచి వచ్చిన గృహిణికి కుర్చీ జరిపి, మంచినీళ్లిచ్చి, "ఆప్" అని పలకరించే ఆ మర్యాద ముందు ప్రశ్నలు రెండో వరుసలోకి వెళ్లాయి. అదే ఏడాది అక్టోబరులో సివిల్స్‌కు చదువుకుంటున్న హర్షవర్ధన్ నవాథే కోటి గెలిచాడు. 2007లో షారుఖ్ ఖాన్ వచ్చి ఒక్క సీజన్‌తో సరిపెట్టాడు. 2010లో ఆట సోనీకి మారింది, అమితాబ్ మళ్లీ వచ్చాడు.

తెలుగువాళ్లు పద్నాలుగేళ్లు దీన్ని హిందీలోనే చూశారు. 2012లో తమిళంలో సూర్య, కన్నడంలో పునీత్ రాజ్‌కుమార్, మలయాళంలో సురేశ్ గోపి మొదలుపెట్టేశాక, 2014 జూన్ 9న మా టీవీలో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' వచ్చింది. వ్యాఖ్యాత నాగార్జున. ఆయన సినిమా 'మనం' విడుదలై అప్పటికి రెండు వారాలు దాటిందంతే. మూడు సీజన్లు ఆయనవి. నాలుగోది చిరంజీవి చేతికి వెళ్లింది, అదీ 'ఖైదీ నంబర్ 150'తో ఆయన వెండితెరకు తిరిగొచ్చిన నెలకు, 2017 ఫిబ్రవరిలో. తర్వాత నాలుగేళ్ల ఖాళీ. 2021 ఆగస్టు 22న జెమినీలో పేరు కాస్త మార్చుకుని 'ఎవరు మీలో కోటీశ్వరులు'గా వచ్చినప్పుడు ప్రశ్నలడిగింది జూనియర్ ఎన్టీఆర్. మొదటి అతిథి రామ్‌చరణ్. వాళ్లిద్దరి సినిమా 'ఆర్ఆర్ఆర్' ఇంకా విడుదల కావాల్సి ఉంది.

తేదీలు ఇలా పక్కపక్కన పెడితే, మన దగ్గర ఈ ఆట చరిత్ర సినిమా క్యాలెండరుకు ముడిపడి నడిచిందని తెలిసిపోతుంది. హిందీలో హాట్ సీటుకు ఎదుటి వ్యాఖ్యాత కుర్చీలో దాదాపు ఎప్పుడూ ఒకే మనిషి ఉన్నాడు కాబట్టి ఏటా సీజను వస్తుందన్న నమ్మకం జనానికి కుదిరింది. తెలుగులో హీరో మారినప్పుడల్లా ఆట మళ్లీ మొదటి నుంచి పరిచయం చేసుకోవాల్సి వచ్చింది. నాగార్జున చొరవ, చిరంజీవి చమత్కారం, ఎన్టీఆర్ వాగ్ధాటి దేనికదే గొప్ప, కాదనేవాళ్లు లేరు. కానీ జనం చెప్పుకున్న ఘట్టం మాత్రం 2021 నవంబరు నాటిది. పోలీసు శాఖలో ఎస్సైగా ఉన్న ఒక యువకుడు పదిహేను ప్రశ్నలూ దాటి కోటి గెలిచాడు. ఆ ఎపిసోడ్లో సినిమా ప్రచారం లేదు, అతిథి హీరో లేడు. ఎన్టీఆర్ కూడా కాసేపు ప్రేక్షకుడైపోయాడు.

మళ్లీ ఏ ఛానలైనా ఈ ఆటను తెలుగులోకి తెస్తే, హీరోలకిచ్చే పండగ ఎపిసోడ్లలో సగం తీసి, హాట్ సీటు కోసం పోటీపడే ఫాస్టెస్ట్ ఫింగర్ వరుసలో వేళ్లు బిగబట్టుకుని కూర్చునే టీచరమ్మలకూ కండక్టర్లకూ ఇవ్వండి.