మాయింటి బూడిదరంగు సోఫా

గత సంవత్సరము దసరా సెలవులలో మేమొక సోఫాను కొంటిమి. ఇది పత్రికలో ప్రకటింపదగిన వార్త కాదని మేమెరుగుదుము. కాని పదునెనిమిది సంవత్సరములుగా ఉపాధ్యాయవృత్తి చేయుచు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలతోను ఒక నవారు మంచముతోను అతిథి సత్కారములు నడపుకొన్న మాకు అది సామాన్య విషయము కాదు. దాని వెలను ఆరు నెలల వాయిదాలలో తీర్చితిమి.

రంగును గూర్చి మాయింట మూడు పక్షములేర్పడెను. మా గృహిణి కుంకుమరంగు కావలెననెను. మేము గోధుమరంగు వైపు మొగ్గితిమి. కళాశాలలో చదువుకొనుచున్న మా కుమార్తె బూడిదరంగే కావలెనని పట్టుపట్టెను. "నాన్నగారూ, అది ఏ రంగుతోనైనను కలిసిపోవును" అని యామె వాదము. మా తల్లిగారు మాత్రము ముక్కుపై వ్రేలుంచుకొని, "పండుగపూట డబ్బిచ్చి బూడిద కొనితెచ్చుకొందురా నాయనా?" అనిరి. బూడిదలో పోసిన పన్నీరను సామెతను కూడ జ్ఞప్తికి దెచ్చిరి. విభూతియు బూడిదయే కదా యని మేము మా సంస్కృత పాండిత్యమును ప్రదర్శించితిమి. "విభూతిని నొసట పెట్టుకొందురు గాని దానిమీద కూర్చుండరు" అని యామె బదులు చెప్పిరి. ఆ మాటకు నేటికిని మాకు సమాధానము దొరకలేదు. అయినను తుదకు కుమార్తెయే గెలిచెను.

దుకాణములో ఆ రంగు వానమబ్బువలె కంటికింపుగా నుండెను. మచిలీపట్టణములోని మాయింటి ముందుగదిలో దానిని దింపిన సాయంకాలము చూతుము గదా, అది వాడిన వంకాయవలె ఊదాచాయ తిరిగి కనబడెను. మేము మోసపోతిమని తలచి, దుకాణదారునకు ఫోనుచేసి నాలుగు మాటలంటిమి. అతడు కోపపడక, ఆ గుడ్డనుండి కత్తిరించిన ముక్కనొకదానిని మరునాడు పంపెను. వీధిలో పగటి వెలుతురున ఆ ముక్కను సోఫా చేతికి ఆనించి చూచితిమి. రెండును ఒక్కటియే. లోపల గోడవద్ద పెట్టి చూచితిమి. రెండునూ ఊదావే. దోషము సోఫాది కాదు. మా గోడలకు వేయించుకొన్న పసుపురంగుదియు, మేము తగిలించుకొన్న దీపముదియును.

ఈ సంగతిని షెవ్రల్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఏనాడో కనిపెట్టినాడు. ఆయన పారిస్ నగరమునందలి గోబెలిన్ చిత్రకంబళముల కర్మాగారమున అద్దకపు విభాగమునకు అధికారిగా నుండెను. అక్కడి నల్లరంగు చక్కగా లేదని ఫిర్యాదులు రాగా, ఆయన పరీక్షించి చూచి, లోపము నల్లరంగులో లేదనియు, దాని ప్రక్కన నేయబడిన రంగులు దానిని వేరుగా కనబరచుచున్నవనియు తెలిసికొనెను. 1839వ సంవత్సరమున ఈ విషయముపై గొప్ప గ్రంథమును ప్రకటించెను. ఏ రంగైనను తన ప్రక్కదానిని తనకు వ్యతిరేకమైన చాయవైపు నెట్టును. పసుపు ప్రక్కనున్న బూడిద ఊదావలె తోచును. ఎరుపు ప్రక్కనున్నది కొంచెము ఆకుపచ్చగా తోచును. తనకు స్వంతమైన పట్టుదల లేనందున బూడిదరంగు ఈ ప్రభావమునకు అన్నిటికంటె సులభముగా లోబడును. అది దేనితోనైనను కలియునని మా కుమార్తె చెప్పిన మాట నిజమే. కాని ప్రక్కనున్నవారు మంచివారు కానిచో అదియు చెడును.

కావున మేము గదిని చక్కదిద్ద పూనుకొంటిమి. ఈ ముచ్చట తమ యింట చేసికొనగోరు పాఠకులకు ఉపకరించునని మా యనుభవమును క్రమముగా చెప్పుచున్నాము. మొదట గోడలకు సున్నపు తెలుపులో పాలమీగడ చాయ కలిపించితిమి. తరువాత 6500 కెల్విన్ల నీలి తెలుపు దీపమును తీసివేసి 2700 కెల్విన్ల దీపములను రెంటిని పెట్టితిమి. మొదటిదాని క్రింద బూడిదరంగు నిజముగా కాటిబూడిదవలెనే యుండెను. రెండవదాని క్రింద దానికి ప్రాణము వచ్చెను. నేలమీది పలకలు కూడ బూడిదరంగువే యగుటచే సోఫా నేలలో కలిసిపోవుచుండెను. దానికై వరంగల్లు జంబుఖానా నొకదానిని తెప్పించి, సోఫా ముందుకాళ్లు దానిమీద నిలుచునట్లు పరచితిమి. కిటికీలకు చలువచేయని ఖద్దరు తెరలు కట్టితిమి. అలమరలో కొండపల్లి బొమ్మలు నాలుగు పెట్టితిమి. అన్నిటికంటె మిన్నగా, పెడన నుండి ఎరుపు నలుపు లతలుగల కలంకారీ వస్త్రమునొకటి తెచ్చి సోఫా వీపుమీద పరచితిమి. దానితో గది యంతయు వెలిగెను.

ఆ వస్త్రమును గూర్చి వచ్చినవారికెల్ల ఉపన్యసించుట మాకు అలవాటయ్యెను. గుడ్డను కరక్కాయ నీటిలో నానబెట్టుదురనియు, ఇనుప తుక్కును బెల్లపు నీటిలో దినముల తరబడి ఊరబెట్టి నలుపు తీయుదురనియు, పటిక అద్దినచోటనే ఎరుపు పట్టుననియు చెప్పుచుంటిమి. 1611లో ఆంగ్ల వర్తకులు మన మచిలీపట్టణమున కోఠీ పెట్టుకొన్నది ఈ తీరపు గుడ్డలకొరకే గదా యనుచుంటిమి. ఐరోపాలోని ఇండ్లలో మన అద్దకపు గుడ్డలపై మోజు మితిమీరగా, అక్కడి నేతపనులను కాపాడుకొనుటకై ఫ్రెంచి ప్రభుత్వము 1686లో వానిని నిషేధించి, 1759 వరకు ఆ నిషేధమును తొలగింపలేదనియు వర్ణించుచుంటిమి. వినువారు తలలూపుచుండిరి. సోఫామీద దుకాణమువారిచ్చిన ప్లాస్టిక్ తొడుగు మాత్రము తీయలేదు. బంధువులు వచ్చినప్పుడు తీసి, వారు వెళ్లినవెంటనే తొడుగుచుంటిమి.

మాఘమాసమున ఒక ఆదివారమునాడు బంధువులు కొందరు వచ్చి వెళ్లిరి. వారు వెళ్లిన కొంతసేపటికి మా పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న యొక బాలిక తండ్రి మాయింటికి వచ్చెను. ఆయన పెడనలో బట్టలు ఉడికించు కాగుల దగ్గర దినకూలికి పనిచేయువాడు. చెప్పులు మెట్ల క్రిందనే విడిచి గుమ్మమునొద్ద నిలువబడెను. మోచేతులవరకు చర్మము ఎర్రచాయ దేరి యుండెను.

"రండి, కూర్చోండి" అంటిమి. ఆ క్షణముననే మా కుడిచేయి మా యాజ్ఞకై వేచియుండక ముందుకు సాగి, సోఫామీది కలంకారీ వస్త్రమును అంచు పట్టి ప్రక్కకు లాగెను.

ఆయన చూచెను. చూచి చిరునవ్వు నవ్వి, "పర్వాలేదండి మేష్టారూ, బట్టలకు రంగున్నది" అనుచు గడపప్రక్కన గొంతుక కూర్చుండెను. తరువాత ఆ వస్త్రమువైపు చూచి, "అది మా కాగులో ఉడికిన బట్టేనండి. ఆ అంచు టేకు అచ్చు మా వీధిలో చెక్కినదే" అనెను. మేము సంతోషమును ప్రకటించితిమి. కొంతసేపటికి ఆయన, "మా అమ్మాయిని పరీక్షలయినాక మాన్పించేద్దామనుకుంటున్నామండి" అనెను. మేము సోఫామీదనే కూర్చుండి, గడపయొద్ద కూర్చున్న యాయనకు స్త్రీవిద్యా ప్రాశస్త్యమును గూర్చి పది నిమిషములు బోధించితిమి. ఆయన విని, "తమరు చెప్పినది నిజమేనండి" అని నమస్కరించి వెళ్లిపోయెను. మేము మంచిపని చేసితిమనియే తలచితిమి.

వంటింటి ద్వారమున నిలిచి చూచుచుండిన మా గృహిణి అప్పుడు ముందుగదిలోనికి వచ్చెను. "ఏమండీ, ఆయనను కూర్చోమన్నది మీ నోరు. మీ చేయి ఏమన్నదో చూచుకొన్నారా?" అనెను. మాకు నోట మాట రాలేదు. ఆమె యంతటితో విడువలేదు. "పరాయివారి సంగతి అట్లుండనిండు. ఇది వచ్చి నాలుగు నెలలు దాటినది. అత్తయ్యగారు దీనిమీద ఎన్నిసారులు కూర్చున్నారు? నేను ఎన్నిసారులు కూర్చున్నాను? లెక్కలు చెప్పు మేష్టారు కారా, ఈ లెక్క చెప్పండి."

మేము చెప్పునది సంస్కృతమే గాని లెక్కలు కాదు. అయినను లెక్క తేలికగానే తేలెను. మా గృహిణి రెండుసారులు కూర్చుండెను, రెండుసారులును ఫొటోల నిమిత్తము. మా తల్లిగారు ఒక్కసారి కూర్చుండి, లేవలేక ఇబ్బందిపడి, మరల తమ పీటకే పోయిరి. ప్రతిదినము దానిని దులిపి తుడుచు పనియామె ఒక్కసారియు కూర్చుండలేదు. ఆమెను కూర్చోవలదని ఎవరును చెప్పలేదు. చెప్పవలసిన యవసరము కలుగనట్లు గదిని మేము అలంకరించితిమి.

మరునాడు పాఠశాలలో ఆ బాలికయే మాయొద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొనెను. ఆమెకు సంబంధము చూచిరట. మేనత్త కుమారుడట. ఆ సంగతి మాతో చెప్పి, తనవారికి తాను చెప్పలేని మాటను మాచేత చెప్పించవలెనని ఆమె తండ్రి వచ్చినాడట. చెప్పలేక తిరిగి వచ్చినాడట. పదియారేండ్ల పిల్ల బ్రతుకును గూర్చి చెప్పవలసిన మాట మాయింటి గడపదాక వచ్చి, మేము గుడ్డ లాగుకొన్నందున వెనుకకు మరలిపోయినది.

సోఫా యను పదమునకు అరబ్బీ భాషలోని 'సుఫ్ఫా' మూలమని నిఘంటువులు చెప్పుచున్నవి. కూర్చుండుటకై ఎత్తుగా కట్టిన దిమ్మె దాని కర్థము. అనగా మన అరుగే. మన పూర్వుల అరుగులమీద బాటసారులు విశ్రమించిరి, వీధిబడులు నడిచినవి, రచ్చలు సాగినవి అని మనము గర్వముతో చెప్పుకొందుము. కాని ఆ అరుగులమీద అందరును కూర్చుండలేదు. కొన్ని కులములవారు ఎండలోను వానలోను వీధిలోనే నిలువబడి మాట్లాడవలసి వచ్చెను. ఆనాడు నిలువుమని నోరే చెప్పెను. నేడు నోరు సంస్కారము నేర్చుకొని కూర్చోమనుచున్నది. చేయి యింకను నేర్చుకొనలేదు. సంస్కరణ గ్రంథములను మేము నోటితోనే చదివితిమి కాబోలు.

తరువాతి ఆదివారము మేమును మా గృహిణియు పెడనలోని ఆయన యింటికి పోయితిమి. ఒకటే గది. ఆయన మమ్ము చూచి, పెట్టెలోనుండి ఉతికిన దుప్పటిని తీసి, నులకమంచముమీద పరచి కూర్చోబెట్టెను. మేము ఆయనకొరకు గుడ్డను లాగుకొంటిమి, ఆయన మాకొరకు గుడ్డను పరచెను. ఆ మంచముమీద కూర్చుండుట మాకెంత కష్టమయ్యెనో పాఠకులు ఊహించుకొనవచ్చును. ఈసారి మేము ఉపన్యసింపలేదు. ఆయన చెప్పగా వింటిమి. మేనత్త మాట తీసివేసినచో తోబుట్టువుతో రాకపోకలు పోవునని ఆయన భయము. పదునెనిమిది నిండనిదే పెండ్లి చేయరాదన్న 2006 నాటి చట్టము ఆయనకు తెలియని సంగతి కాదు. తన యక్కతో ఆ మాట చెప్పుటకు ఒక తోడు కావలెను, అంతే. మా గృహిణి ఆ తోడయ్యెను. రెండు వారములలో మూడుసారులు ఆ మేనత్త యింటికి పోయి మాటాడెను. పెండ్లి ప్రసక్తి నిలిచినది. బాలిక జూన్ నెలలో ఇంటర్మీడియట్‌లో చేరినది. తరువాత ఏమగునో యిప్పుడే చెప్పజాలము.

ఇక మా గది సంగతి. ప్లాస్టిక్ తొడుగును తీసి పారవేసితిమి. ఉతుకుకొనదగిన నూలు తొడుగులు రెండు జతలు కుట్టించితిమి. సోఫా లోతుగాను పల్లముగాను ఉండుటచే మా తల్లిగారి మోకాళ్లకు పనికిరాదు. ఆమెకై చేతులుగల ఎత్తైన కఱ్ఱకుర్చీని ఒకదానిని దాని ప్రక్కనే వేయించితిమి. గుమ్మమునకెదురుగా సింహాసనమువలె నున్న సోఫాను ప్రక్కగోడకు జరిపి, ముందు అదే ఎత్తున రెండు బల్లలు వేసితిమి. చదువుకొనుటకు అనువుగా మా గృహిణి కూర్చుండు మూల ఒక దీపము పెట్టితిమి. ఇప్పుడు గది చూచుటకు మునుపటంత అందముగా లేదని మా కుమార్తె యభిప్రాయము. బల్లల రంగు జంబుఖానాతో కలియలేదట. అది నిజమే.

శ్రావణమాసమున ఆ బాలికయు తండ్రియు మాయింటికి వచ్చిరి. బాలిక నేరుగా పోయి సోఫామీద కూర్చుండి మా కుమార్తెతో పుస్తకములను గూర్చి మాటలాడసాగెను. మేము చేతులు రెండును వెనుకకు కట్టుకొని, "కూర్చోండి" అని ఆమె తండ్రితో అంటిమి. ఆయన కూర్చుండెను. వీపు ఆనించకుండ, అంచుమీద నాలుగంగుళముల మేర మాత్రమే కూర్చుండెను. కాఫీ త్రాగునంతసేపును ఆ నాలుగంగుళములు దాటలేదు.

గదిని అలంకరించుట ముగిసినదని మేమీ వ్యాసమున వ్రాయగోరితిమి. వ్రాయలేకున్నాము. ఇంకను పని మిగిలియున్నది.