కొలిచినదే వ్రాయవలెను



మన సంఘములలో అనేక కుటుంబములనుండి మొదటిసారిగా పిల్లలు కాలేజీ మెట్లు ఎక్కుచున్నారు. కూలి చేసి ఫీజు కట్టుచున్న తలిదండ్రులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, మావాడికి మార్కులు బాగా వస్తాయంటారా?" వాడు ఆ మార్కులను ఏలాగు తెచ్చుకొనుచున్నాడని అడిగినవారిని బహు కొద్దిమందినే చూచితిని. ఈ నెల ఆ రెండవ ప్రశ్నను గూర్చి కొన్ని మాటలు వ్రాయగోరుచున్నాను.

భౌతికశాస్త్రపు తరగతిని తీసికొందము. అక్కడ విద్యార్థి చేయవలసిన పని మూడు విధములు. ఇంటియొద్ద లెక్కలు చేసి తేవలెను, ప్రయోగశాలలో తన చేతులతో కొలిచి రికార్డు పుస్తకములో వ్రాయవలెను, పరీక్షకు కూర్చుండవలెను. లెక్కలను గూర్చి స్నేహితులతో మాటలాడుకొనుట అనేక విశ్వవిద్యాలయములలో తప్పు కాదు, మంచిదే. అయితే మాటలాడుకొనిన పిమ్మట ఎవరి కాగితము వారే వ్రాయవలెను. ఎవరైన సహాయము చేసినయెడల ఆ మాట దాచక చెప్పవలెను. ప్రయోగశాలలో వచ్చిన అంకెను వచ్చినట్లే వ్రాయవలెను. పొరపాటు పడినయెడల ఒక గీత గీసి ప్రక్కన సరియైనది వ్రాయవచ్చును గాని కాగితము చింపరాదు.

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయములో జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. అక్కడ 1842వ సంవత్సరమునుండి విద్యార్థులు పరీక్షా పత్రముపై, తాము ఒకరి సహాయము పొందలేదని తమ గౌరవము సాక్షిగా వ్రాసి సంతకము చేయు ఆచారమున్నది. ఆ మాట తప్పినవానిని విచారించువారు అధ్యాపకులు కారు, తోటి విద్యార్థులే. 2001లో లూయిస్ బ్లూమ్‌ఫీల్డ్ అను భౌతికశాస్త్ర ఆచార్యునికి, తన తరగతిలో కొందరు ఇతరుల వ్యాసములను నకలు చేయుచున్నారని ఒక విద్యార్థి వలన తెలిసెను. నిత్యము మనము వాడు వస్తువులు ఏలాగు పనిచేయునో బోధించు తరగతి అది. వందలకొలది మంది చదువుచుండిరి. అన్ని కాగితములను ఒక మనిషి సరిపోల్చి చూడజాలడు గనుక ఆయన ఒక కంప్యూటరు ప్రోగ్రాము వ్రాసి, వరుసగా ఆరు మాటలు ఒకే రీతిగా ఉన్న వ్యాసములను ఏరించెను. మొదట 122 మంది పేర్లు బయటపడెను.

విచారణ ఏడాదికి పైగా సాగెను. ఆ పేర్లలో నిర్దోషులు అనేకులుండిరి. తమ వ్యాసమును ఇతరులు తీసికొనగా పేరు పడినవారును కలరు. అయినను నలువదిమందికి పైగా విశ్వవిద్యాలయమును విడువవలసి వచ్చెను. అప్పటికే చదువు ముగించిన ముగ్గురి పట్టాలు రద్దు చేయబడెను. ఆ కాలమున అక్కడ తప్పు రుజువైనవానికి ఒకటే శిక్ష, వెళ్లగొట్టుట. అది మరీ కఠినమని తలంచి 2022లో విద్యార్థులే ఓటు వేసి ఆ శిక్షను తగ్గించుకొనిరి. శిక్ష తగ్గినది గాని, నీది కానిదానిని నీదని చెప్పరాదను నియమము మాత్రము మారలేదు.

ఇది దూరదేశపు సంగతి అని త్రోసివేయకుడి. మా సంఘములోని యౌవనుడొకడు డిగ్రీ మొదటి సంవత్సరములో లోలకపు ప్రయోగము చేసెను. దారమునకు గుండు కట్టి ఊపి, ఇరువది ఊపులకు పట్టిన కాలమును కొలిచి, దానినిబట్టి భూమి ఆకర్షణను లెక్కకట్టవలెను. పుస్తకములోని జవాబు 980. వీనికి 1080కి పైగా వచ్చెను. సెలవులకు వచ్చి నాతో ఇట్లనెను: "అయ్యగారూ, అందరూ జవాబు ముందు రాసుకొని దానికి తగ్గట్టు అంకెలు నింపుతున్నారు. సీనియర్ల రికార్డు నా దగ్గర కూడా ఉంది. నిజం రాస్తే నాకే మార్కులు పోతాయి. స్కాలర్‌షిప్పు పోతే నాన్న ఎక్కడ తేగలడు?"

వానికి నీతివాక్యము చెప్పి పంపివేయుట నాకు సులభమే. కాని వాని తండ్రి కష్టము నేనెరుగుదును. సెమినరీకి పోకమునుపు ఆ శాస్త్రము నేనును కొంత చదివినవాడను గనుక, "ఎట్లా లెక్కపెట్టావో చూపించు నాయనా" అంటిని. పెరటిలోని వేపకొమ్మకు మీటరు పొడవు పురికొస కట్టి రాయి వ్రేలాడదీసితిమి. వాడు రాయిని విడిచిపెట్టుచునే "ఒకటి" అనెను. అక్కడనే ఉన్నది చిక్కు! విడిచినప్పుడు సున్న అనవలెను. వాడు ఇరువది అనునప్పటికి తిరిగివచ్చిన ఊపులు పందొమ్మిదే. సున్నతో మొదలుపెట్టి మరల లెక్కించగా జవాబు పుస్తకపు అంకెకు దగ్గరగా వచ్చెను. వాని ముఖము వెలిగిపోయెను.

వాడు కాలేజీకి తిరిగిపోయి ప్రయోగము మరల చేసి, మొదటి అంకెలను ఒక గీతతో కొట్టివేసి, తప్పెక్కడ జరిగెనో ప్రక్కన వ్రాసెను. అందరికంటె మార్కులు తక్కువే వచ్చినవి. ఈ మాట మీయొద్ద దాచను. స్కాలర్‌షిప్పు మాత్రము నిలిచెను.

వాడు 980 అని నింపియుండినయెడల తన లెక్కింపు తప్పని ఎన్నటికిని ఎరుగకపోవును. రేపు వంతెన కట్టుచోటనో, ఆసుపత్రి యంత్రమునొద్దనో అట్లే లెక్కించును. మరియొక సంగతి వినుడి. భూమి ఆకర్షణ అన్నిచోట్ల ఒకే రీతిగా ఉండదు. ధ్రువములయొద్ద ఎక్కువ, భూమధ్యరేఖయొద్ద తక్కువ. మన తెలుగు సీమలో అది ఇంచుమించు 978. కాబట్టి పుస్తకము చూచి 980 వ్రాసినవారు తాము నిలిచియున్న నేలను గూర్చి తాము కొలువని మాట పలికిరి.

ఇప్పుడు సెల్‌ఫోను నడిగినను వ్యాసము వ్రాసి యిచ్చుచున్నది. నకలు చేయుట సులభమైన కొలది తలిదండ్రుల బాధ్యత పెరుగును. పండుగకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు, "ఏం కొలిచావు? ఎక్కడ తప్పింది? ఎలా సరిచేశావు?" అని అడుగుడి. మీకు ఆ శాస్త్రము తెలియనక్కరలేదు. చేసినవాడు చెప్పగలడు, చేయనివాడు తడబడును. నిజముగా తెచ్చుకొనిన తక్కువ మార్కును చూచి కొట్టకుడి, తిట్టకుడి. అనేకులచేత నకలు చేయించునది సోమరితనము కాదు, ఇంటి భయము. పెద్ద పిల్లలు తమ పాత రికార్డులను తమ్ముళ్లకు ఇచ్చుట ఉపకారమని తలంచకుందురు గాక. ప్రక్కన కూర్చుండి నేర్పుటయే ఉపకారము.

ధాన్యపు కాటాలో బస్తాకు ఒక కిలో తగ్గినయెడల ఊరంతయు లేచి అడుగుదుము. మన పిల్లవాని చేతిలోని రికార్డు పుస్తకమును కాటాయే. దానిని సరిగా పట్టుకొను ధైర్యమును దేవుడు వానికిని, వానిని అడుగు ఓపికను మనకును దయచేయును గాక.